బాంకాక్‌లో పంచుకున్న కప్పు

వేసవి వచ్చిందంటే రెంటచింతల పేరు వార్తల్లో మారుమోగుతుంది. పల్నాటిసీమలో గురజాలకూ మాచెర్లకూ నడుమనున్న ఆ ఊరిని జన్మలో చూడనివాళ్ళు సైతం, ఎండల లెక్కల్లో ఆ పేరు వినబడగానే అక్కడివాళ్ళు ఎట్లా బతుకుతున్నారో పాపం అని విసనకర్ర అందుకుంటారు. అయితే అక్కడి పిల్లలను అడిగి చూడండి. ఎండ సంగతి పెద్దవాళ్ళు మాట్లాడుకోవలసిందే గాని వాళ్ళకు పట్టదు. మధ్యాహ్నమంతా అమ్మ కేకలకు జడిసి వసారాలో ముడుచుకు కూర్చున్నా, పొద్దు వాలీ వాలకముందే చెడుగుడుకో, వాలీబాలుకో, క్రికెట్టుకో పరుగెత్తుతారు. పల్నాటి గడ్డమీద పిల్లల ఆటకూ పౌరుషానికీ మధ్య దూరం ఎప్పుడూ తక్కువే. బొంగరాలాటలో మునిగి ఉన్న బాలచంద్రుడు కారెంపూడి యుద్ధరంగానికి కదిలిన కథ ఆ సీమలో ఊయలలోని పిల్లకు కూడా తెలుసునంటారు.

ఇప్పుడు చెప్పబోయేది కూడా ఒక కుర్రవాడి కథే. అతను కత్తి పట్టలేదు, కాలితో బంతి తన్నాడు. మన బాలచంద్రుణ్ణి ఎరిగిన ఇళ్ళల్లో నూటికి ఒక్కరికైనా ఇతని పేరు తెలుసునో తెలియదో!

రెంటచింతల మాదిరిగానే ఎండకు పేరు పడిన నగరం బాంకాక్. థాయిలాండు దేశపు రాజధాని. అక్కడ ఏడాదికల్లా ఉడుకెత్తే నెల ఏప్రిల్. 1974వ సంవత్సరం సరిగ్గా ఆ నెలలో ఆసియా ఖండంలోని దేశాల కుర్రజట్లు ఆ నగరంలో చేరి ఫుట్‌బాల్ ఆడినవి. ఆఖరి ఆటకు మిగిలిన జట్లు రెండు: ఒకటి ఇరాన్, రెండవది భారతదేశం. చెరి రెండు గోల్సు చేసి సమంగా నిలిచినవి. ఇద్దరూ విజేతలే అని తీర్మానించి కప్పును ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఆనాడు భారత జట్టుకు నాయకుడు పద్దెనిమిదేళ్ళ హైదరాబాదు కుర్రవాడు, పేరు షబ్బీర్ అలీ.

ఆ పోటీలో భారతదేశం గెలవటం అదే మొదలు. ఇప్పటికి అదే ఆఖరు.

కుర్రవాళ్ళ పోటీలెందుకు?

పెద్దవాళ్ళ పోటీలుండగా పిల్లలకు వేరే పోటీలెందుకని అడిగేవాళ్ళు ఉంటారు. మామిడితోట వేసినవాణ్ణి అడిగితే జవాబు చెబుతాడు. కాపు చూడాలంటే ముందు నారుమడి చూడాలి. దేశాలమధ్య జరిగే కుర్రజట్ల పోటీలు ఫుట్‌బాల్‌కు నారుమడి వంటివి. ఏ దేశంలో మొక్కలు ఏపుగా ఉన్నాయో అక్కడ తెలిసిపోతుంది. పదేళ్ళ తర్వాత ఎవరు గెలుస్తారో జ్యోతిష్కుడితో పని లేకుండానే చెప్పవచ్చు.

ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య 1954లో మనీలాలో పుట్టింది. భారతదేశం అందులో మొదటినుంచీ ఉన్నది. 1958లో టుంకు అబ్దుల్ రహమాన్ ఆ సమాఖ్యకు అధ్యక్షులయ్యారు. ఆయన అప్పటికే మలయా ప్రధానమంత్రి. ఒక దేశపు ప్రధానమంత్రి బంతాటల సంఘానికి అధ్యక్షత వహించటం ఈ రోజుల్లో వింతగా తోచవచ్చు గాని, ఆయనకు ఆ ఆటంటే అంత మక్కువ. ఆ మరుసటి సంవత్సరమే, 1959లో, కౌలాలంపూరు నగరంలో ఆసియా కుర్రజట్ల పోటీ మొదటిసారి జరిగింది. మొదటి రెండేళ్ళూ దక్షిణ కొరియా గెలిచింది. ఆ తరువాత బర్మావాళ్ళు విజృంభించారు. కూలికీ వ్యాపారానికీ మన కోస్తా జిల్లాలవాళ్ళు ఒకప్పుడు 'రంగం' పోతున్నామంటూ ఓడలెక్కి వెళ్ళిన దేశమే అది. 1961 మొదలు 1970 లోపల బర్మా ఆ కప్పును కొన్నిసార్లు ఒంటరిగా, కొన్నిసార్లు మరొక దేశంతో పంచుకుని, మళ్ళీ మళ్ళీ ఇంటికి తీసుకుపోయింది.

పంచుకోవటమేమిటని ఆశ్చర్యపడకండి. ఆ రోజుల్లో ఆఖరి ఆట సమంగా ముగిస్తే ఇద్దరినీ విజేతలుగా ప్రకటించటం ఆ పోటీలో వాడుక. 1961లో బర్మా, ఇండోనేషియా పంచుకున్నవి. 1963లో బర్మా, దక్షిణ కొరియా పంచుకున్నవి. అట్లాగే 1974లో భారతదేశం, ఇరాన్.

ఇరాన్‌తో సమంగా నిలవటమంటే అప్పట్లో మాటలు కాదు. 1968లోనూ 1972లోనూ ఇరాన్ పెద్దల జట్టు ఆసియా కప్పు గెలిచింది, 1976లో మళ్ళీ గెలవబోతున్నది. కుర్రజట్టు సంగతి సరేసరి. 1973 నుంచి 1976 దాకా నాలుగేళ్ళూ కుర్రజట్ల కప్పుమీద ఇరాన్ పేరు ఉన్నది. ఆ నాలుగేళ్ళ మధ్యలో, వాళ్ళ పేరు పక్కన మన పేరు రాయించిన కుర్రవాళ్ళు వీళ్ళు.

ప్రపంచస్థాయిలో కుర్రజట్ల పోటీ ఆసియాకంటె పద్దెనిమిదేళ్ళు ఆలస్యంగా మొదలైంది. 1977లో ట్యునీషియాలో జరిగిన మొదటి పోటీని సోవియట్ రష్యా గెలిచింది. 1979లో జపానులో జరిగిన రెండవ పోటీలో అర్జెంటీనా కుర్రజట్టు గెలిచినప్పుడు, అందులో గుబురు జుట్టుతో ఒక పొట్టి కుర్రవాడు అందరి కళ్ళూ తనవైపు తిప్పుకున్నాడు. ఏడేళ్ళ తర్వాత, 1986లో, ఆ కుర్రవాడే తన దేశానికి పెద్దల ప్రపంచకప్పు తెచ్చాడు. అతనే మారడోనా. 2005లో ఇదే పోటీని నెదర్లాండ్స్‌లో గెలిచి, అందరికంటె ఎక్కువ గోల్సు చేసిన మరొక అర్జెంటీనా కుర్రవాడు మెస్సీ. 2022లో పెద్దల కప్పు ఎత్తినది అతనే. నారుమడి చూసి కాపు చెప్పవచ్చునన్నది ఇందుకే.

బడిపంతులు వేసిన తోట

షబ్బీర్ అలీ ఆకాశంనుంచి ఊడిపడలేదు. అతను 1956 జనవరిలో హైదరాబాదులో పుట్టాడు. ఆ సంవత్సరమే మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టు నాలుగవ స్థానంలో నిలిచింది. ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదనే నాలుగు గోల్సకు రెండుగా ఓడించింది. ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాదు వాస్తవ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీం. జట్టులోనూ హైదరాబాదువాళ్ళు చాలామంది ఉన్నారు.

రహీంగారు వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియాలో చదువుకుని పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. సాయంత్రం బడిగంట కొట్టిన తర్వాత ఆయన రెండవ పాఠశాల మైదానంలో మొదలయ్యేది. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళూ బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. బొంబాయి, కలకత్తా నగరాల పెద్ద పెద్ద క్లబ్బులు చూస్తూ ఊరుకోవలసి వచ్చింది.

అయితే ఈ వ్యాసానికి కావలసింది ఆయన పెద్దలకు నేర్పిన విద్యకంటె పిల్లలకు పెట్టిన పోటీలు. కుర్రవాడి చేతికి, అంటే కాలికి, బంతి దొరికితే ఏం చేస్తాడు? ఎవ్వరికీ ఇవ్వకుండా తనే తీసుకుపోయి గోల్ చేయాలని చూస్తాడు. ఇంట్లో అప్పచ్చులు దొరికినప్పుడు చేసే పనే అది! రహీంగారు దానికి మంచి మందు కనిపెట్టారు. బంతిని కాలిదగ్గర అట్టిపెట్టుకుని పరుగెత్తకూడదు, వెంటనే మరొకడికి అందించాలి అనే నిబంధనతో ప్రత్యేకంగా పోటీలు నడిపారు. కుడికాలివాటం వాడు ఎడమకాలితోనే తన్నాలనే నిబంధనతో మరికొన్ని నడిపారు. నవ్వుతూ ఆడుకునే ఆటలోనే పంచుకోవటమూ, రెండు కాళ్ళకూ సమంగా పని చెప్పటమూ పిల్లలకు అబ్బినవి. ఖర్చు లేని విద్య. ఒక బంతి, ఒక మైదానం, ఓపిక ఉన్న ఒక మాస్టారు. అంతే.

ఆ తోటలో పెరిగినవాళ్ళలో సికిందరాబాదు అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం ఒకడు. పేద కుటుంబంలో పుట్టినవాడు, పంతొమ్మిది ఇరవై ఏళ్ళ వయస్సుకే మెల్‌బోర్న్ వెళ్ళాడు. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడల్లో హంగరీ మీద, పెరూ మీద గోల్సు చేశాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ అతనున్నాడు. 2023 ఫిబ్రవరిలో బలరాం కన్నుమూశారు.

జకార్తా కథ 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం ద్వారా చాలామందికి తెలిసింది. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో ఓడిన భారత జట్టు, ఆఖరి ఆటలో అదే కొరియాను రెండు గోల్సకు ఒకటిగా ఓడించింది. అప్పటికే రహీంగారిని క్యాన్సర్ తొలిచివేస్తున్నది. ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న, ఆయన పోయారు. అప్పటికి షబ్బీర్ అలీ వయస్సు ఏడేళ్ళు.

అంటే రహీంగారి దగ్గర అతను పాఠం నేర్చుకోలేదు. కాని తోట మిగిలి ఉన్నది. మైదానాలు ఉన్నాయి, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు, ప్రతి సాయంత్రమూ బంతి తన్నే అలవాటు ఆ గల్లీల్లో ఉన్నది. బాంకాక్ వెళ్ళిన కుర్రజట్టుకు శిక్షకుడు ఎవరనుకున్నారు? బెంగాల్‌కు చెందిన అరుణ్ ఘోష్. జకార్తాలో బంగారు పతకం గెలిచిన రహీంగారి జట్టులో ఆయన రక్షణశ్రేణి ఆటగాడు. హైదరాబాదు పంతులుగారి విద్య కలకత్తా చుట్టి తిరిగి హైదరాబాదు కుర్రవాడి దగ్గరకు వచ్చిందన్నమాట. పంతులు పోయిన పదకొండేళ్ళకు ఆయన శిష్యుడి చేతిమీదుగా కాపు వచ్చింది.

షబ్బీర్ అలీ ఆ తరువాత భారతదేశపు పెద్దల జట్టులోనూ ఆడి నాయకత్వం వహించాడు. బొంబాయిలో, కలకత్తాలో పేరున్న జట్లకు ఆడాడు. కలకత్తాలో మొహమ్మడన్ స్పోర్టింగ్ అభిమానులు అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆట మానిన తర్వాత శిక్షకుడయ్యాడు. 2011లో భారత ప్రభుత్వం అతనికి ధ్యాన్‌చంద్ పురస్కారం ఇచ్చింది. ఫుట్‌బాల్ ఆటగాళ్ళలో ఆ పురస్కారం అందుకున్న మొదటివాడు అతనే.

ఇరవై ఒక్కమందిలో ఒక్కడైనా...

ఇక రెండవ దృశ్యం చూడండి. 2017 అక్టోబరు. పదిహేడేళ్ళలోపు కుర్రవాళ్ళ ప్రపంచకప్పు పోటీలు మన దేశంలోనే జరిగినవి. ఫుట్‌బాల్‌లో ప్రపంచకప్పు స్థాయి పోటీ ఏదైనా భారతదేశానికి రావటం అదే మొదటిసారి. ఢిల్లీ, కలకత్తా, నవీ ముంబై, గోవా, కొచ్చి, గౌహతి, ఆరుచోట్ల ఆడారు. పదమూడు లక్షలకు పైగా ప్రేక్షకులు వచ్చి చూశారు. కలకత్తాలో జరిగిన ఆఖరి ఆటలో ఇంగ్లండు కుర్రజట్టు మొదట రెండు గోల్సు వెనుకబడి, ఆపైన తెప్పరిల్లి స్పెయిన్‌ను ఐదు గోల్సకు రెండుగా ఓడించింది.

మన జట్టు మూడు ఆటలూ ఓడిపోయింది. అయినా అక్టోబరు 9న ఢిల్లీలో కొలంబియా మీద జీక్సన్ సింగ్ అనే కుర్రవాడు తలతో ఒక గోల్ చేశాడు. ఫిఫా వారి ప్రపంచకప్పు పోటీల్లో భారతదేశానికి అదే మొట్టమొదటి గోల్. ఆ క్షణాన ఢిల్లీ క్రీడాంగణం దద్దరిల్లింది.

జీక్సన్ సింగ్ మణిపూరువాడు. జట్టు నాయకుడు అమర్జీత్ సింగ్ కూడా మణిపూరువాడే. జట్టులోని ఇరవై ఒక్కమందిలో ఎనిమిదిమంది ఆ ఒక్క చిన్న రాష్ట్రంనుంచి వచ్చినవాళ్ళు. 2011 జనాభా లెక్కల ప్రకారం మణిపూరు జనాభా ముప్పై లక్షలకు లోపు. అదే లెక్కల్లో దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు ఎనిమిది కోట్ల పైచిలుకు.

ఎనిమిది కోట్లమంది మాట్లాడే భాష వినిపించే ఈ రెండు రాష్ట్రాలనుంచి ఆ ఇరవై ఒక్కమందిలో ఎందరున్నారు? ఒక్కడు కూడా లేడు. పోటీలు జరిగిన ఆరు నగరాల్లో మన నగరం ఒక్కటీ లేదు. 1974లో కుర్రజట్టుకు నాయకుణ్ణి ఇచ్చిన గడ్డ 2017లో మూలన కూర్చునేవాణ్ణి కూడా ఇవ్వలేకపోయింది.

కారణం పిల్లల్లో చేవ చచ్చిపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. హైదరాబాదులో ఒకప్పుడు పిల్లలు ఆడుకున్న ఖాళీ స్థలాలు భవంతులైనవి. పోలీసు జట్టు పాత వైభవం పోయింది. పెద్ద సంస్థలు ఆటగాళ్ళకు ఉద్యోగాలిచ్చి పోషించే రోజులు పోయినవి. 2019లో హైదరాబాదు పేరుతో ఒక వృత్తిజట్టు పుట్టి, 2022 మార్చిలో దేశంలోని పెద్ద లీగు పోటీని గెలిచి అందరినీ సంతోషపెట్టింది. కాని డబ్బు ఇబ్బందుల్లో చిక్కి, చివరకు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. చెట్టును కొని తెచ్చి పాతవచ్చును గాని, కింద వేరు లేకపోతే మొదటి గాలికే ఒరిగిపోతుంది. రహీంగారు చెట్లు కొనలేదు, విత్తులు నాటారు. తేడా అక్కడ ఉన్నది.

పుట్టినరోజు తెచ్చే తంటా

కుర్రజట్ల పోటీల్లో గోల్ చేయటంకంటె కష్టమైన పని ఒకటున్నది. వయస్సు రుజువు చేసుకోవటం. మన పల్లెల్లో ఈ సంగతి నవ్వు పుట్టించేదిగానే ఉంటుంది. వెనకటి రోజుల్లో పిల్లవాణ్ణి బడిలో చేర్చటానికి తాత వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఎప్పుడు పుట్టాడని అడిగితే, మిరపతోట కోతలప్పుడనో, కృష్ణకు పెద్ద వరద వచ్చిన ఏడాదనో చెప్పేవాడు. పంతులుగారు ఆలోచించి జూలై ఒకటవ తేదీ వేసేవారు. ఏ పాఠశాల పాత రిజిస్టరు తిరగవేసినా సగం ఊరు ఒకే రోజున పుట్టినట్లు కనబడుతుంది!

నవ్వుకు నవ్వేగాని, దేశాలమధ్య పోటీల్లో ఇది తల తీసే వ్యవహారం. 1988లో మెక్సికోవారు వయస్సు మించిన ఆటగాళ్ళను దొంగ తేదీలతో కుర్రజట్టులో ఆడించారు. సంగతి బయటపడగానే ఫిఫా ఆ దేశపు జట్లన్నిటినీ రెండేళ్ళపాటు వెలివేసింది. దానితో 1990 ప్రపంచకప్పు పోటీలో మెక్సికో పెద్దల జట్టుకు కాలు పెట్టే అవకాశం కూడా లేకుండా పోయింది. కొందరు కుర్రవాళ్ళ పుట్టినరోజులు దిద్దినందుకు దేశం మొత్తం మూల్యం చెల్లించింది.

కాగితాన్ని నమ్మి లాభం లేదని తేలిన తర్వాత వైద్యులు ఎముకలను అడగటం మొదలుపెట్టారు. పిల్లవాడు ఎదిగే వయస్సులో మణికట్టు దగ్గర ఎముక చివరలు మెత్తగా, విడిగా ఉంటాయి. ఎదుగుదల పూర్తయ్యేకొద్దీ అవి అతుక్కుపోతాయి. 2009లో నైజీరియాలో జరిగిన పదిహేడేళ్ళలోపువారి ప్రపంచకప్పు నుంచి ఫిఫా మణికట్టును ప్రత్యేక యంత్రంతో చిత్రం తీసి పరీక్షిస్తున్నది. పంతులుగారు రిజిస్టరులో ఏ తేదీ వేసినా మణికట్టు అబద్ధమాడదు.

తల్లిదండ్రులకు ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. పిల్లవాడు పుట్టగానే పంచాయతీలోనో పురపాలక సంఘంలోనో జననం నమోదు చేయించి ఆ పత్రం భద్రంగా దాచుకోవాలి. ఆటలో కలిసివస్తుందని వయస్సు ఒకటి రెండేళ్ళు తగ్గించి రాయించటం తెలివి అనుకోరాదు. తనకంటె చిన్నవాళ్ళను ఓడించటానికి అలవాటు పడిన పిల్లవాడు, తన ఈడువాడు ఎదురైనప్పుడు ఏమీ తోచక నిలబడిపోతాడు. అంతేకాదు, వాడు ఆక్రమించిన చోటు నిజంగా ఆ వయస్సున్న ఎవరో ఒక పిల్లవాడిది.

ఎండ అడ్డమా?

మళ్ళీ పల్నాటికి వద్దాం. ఇంత ఎండలో ఫుట్‌బాల్ ఎక్కడ ఆడతారు బాబూ అని కొందరు పెద్దలు కొట్టిపారేస్తారు. ఎండకు భయపడవలసిందే, సందేహం లేదు. కాని ఎండకు భయపడటం వేరు, ఆట మానుకోవటం వేరు. ఖతర్ దేశం ఎడారి. అక్కడ 2022లో పెద్దల ప్రపంచకప్పు పెట్టవలసి వచ్చినప్పుడు, ఎప్పుడూ జూన్, జూలైలలో జరిగే పోటీని నవంబరు, డిసెంబరులకు మార్చారు. పదిహేడేళ్ళలోపువారి ప్రపంచకప్పు కూడా 2025 నుంచి ఏటేటా, 48 జట్లతో, ఖతర్‌లోనే జరిపే ఏర్పాటు చేశారు. అదీ నవంబరులోనే. వేడి మితిమీరిన ఆటల్లో మధ్యమధ్య ఆపి నీళ్ళు తాగనివ్వటం ఇప్పుడు నిబంధనల్లో చేరింది. ఎండను జయించటమంటే దానితో తగువు వేసుకోవటం కాదు, దాని వేళ తప్పించుకోవటం.

రెంటచింతల పిల్లలకు ఈ ఉపాయం ఎవరూ నేర్పనక్కరలేదు. ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం అయిదు దాటిన తర్వాత. వేసవి పోయి వానలు పడ్డాక ఫిబ్రవరి దాకా ఎటూ ఇబ్బంది లేదు. ఆటకు ముందూ వెనకా ఉప్పు వేసిన మజ్జిగ ఉండనే ఉన్నది.

ఎండలో పల్నాటికి తోడబుట్టినది అనంతపురం. వానలు అంతకంటె తక్కువ. అక్కడ గ్రామీణాభివృద్ధి ట్రస్టువారు నెలకొల్పిన క్రీడాగ్రామంలో పచ్చికమైదానాలు వేసి, పల్లెటూళ్ళ పిల్లలకు ఫుట్‌బాల్ మొదలైన ఆటలు నేర్పుతున్నారు. మగపిల్లలతోపాటు ఆడపిల్లలు కూడా ఆడుతున్నారు. కరువుసీమలో కుదిరిన పని కృష్ణ ఒడ్డున కుదరదా?

ఆడపిల్లల మాట వచ్చింది గనుక ఒక సంగతి చెప్పాలి. 2022 అక్టోబరులో పదిహేడేళ్ళలోపు బాలికల ప్రపంచకప్పు కూడా మన దేశంలోనే జరిగింది. భువనేశ్వర్, గోవా, నవీ ముంబై నగరాల్లో ఆడారు, స్పెయిన్ గెలిచింది. భారతదేశపు మహిళల జట్టులో ఇప్పటికే పేరు తెచ్చుకున్న గుగులోతు సౌమ్య నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన తెలుగు ఆడపడుచు. తండానుంచి జాతీయజట్టుకు దారి ఉన్నప్పుడు పల్నాటి పల్లెనుంచి లేకుండా ఎట్లా పోతుంది?

దారి ఎటు?

ఆ దారి ఎట్లా ఉంటుందో తల్లిదండ్రులు తెలుసుకోవటం మంచిది. పాఠశాలల క్రీడాపోటీలు మండలం, జిల్లా, రాష్ట్రం అంటూ మెట్లుమెట్లుగా ఉంటాయి. పాఠశాలజట్లకు అన్నిటికంటె పెద్దది సుబ్రతో కప్పు. భారత వాయుసేనకు మొదటి భారతీయ అధిపతి ఎయిర్ మార్షల్ సుబ్రతో ముఖర్జీ పేర 1960లో మొదలైన పోటీ ఇది. రాష్ట్రాలనుంచి వచ్చిన బడిపిల్లలు అందులో ఆడతారు. విదేశాల పాఠశాలజట్లు కూడా కొన్ని వస్తూ ఉంటాయి. మన ఊరి బడిపిల్లవాడు మరొక దేశపు బడిపిల్లవాడితో తలపడగల మొదటి చోటు అదే.

మొదటి మెట్టుకు కావలసినవి బహు స్వల్పం. పెద్దల బంతి అయిదవ నంబరుది. దాని చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు. పది పన్నెండేళ్ళ పిల్లలకు అది పెద్దది, నాలుగవ నంబరు బంతి సరిపోతుంది. పూర్తి మైదానం కనీసం తొంభై మీటర్ల పొడవుండాలి. కాని పిల్లలు అటు ఏడుగురు, ఇటు ఏడుగురు ఆడటానికి అందులో సగం చాలు. గోలుస్తంభాలు లేకపోతే రెండు వెదురుబొంగులు పాతవచ్చు. ఆ మైదానాన్ని ఎవరూ ఆక్రమించకుండా కాపాడే పంచాయతీ, సాయంత్రం ఒక గంట నిలబడే వ్యాయామోపాధ్యాయుడు, ఆటనుంచి మట్టికొట్టుకు వచ్చిన పిల్లవాణ్ణి వీపు చరచకుండా స్నానానికి పంపే తల్లి, ఈ ముగ్గురూ కుదిరితే తక్కిన పని పిల్లలే చేసుకుంటారు.

ప్రతి ఇంటినుంచీ ఒక షబ్బీర్ అలీ పుడతాడని ఎవరూ చెప్పరు. పుట్టకపోయినా నష్టం లేదు. బంతిని తనే అట్టిపెట్టుకోకుండా తోటివాడికి అందించటం పదేళ్ళ వయస్సులో నేర్చుకున్నవాడు, రేపు ఉద్యోగంలోనూ సంసారంలోనూ కూడా నలుగురితో మసలుకోగలడు. రహీంగారి పాఠంలో సగం అదే.

చివరగా ఒక తీపివార్త. 2025 నవంబరు నెలాఖరున అహమ్మదాబాదులో భారత పదిహేడేళ్ళలోపు జట్టు ఒక అగ్నిపరీక్షకు నిలిచింది. ఆసియా పోటీలకు అర్హత దక్కాలంటే ఆనాటి ఆట గెలిచి తీరాలి. ఎదురుగా ఉన్నది మళ్ళీ ఇరాన్. మొదట ఒక గోల్ వెనుకబడి కూడా మన పిల్లలు రెండు గోల్సకు ఒకటిగా గెలిచారు. బాంకాక్‌లో కప్పు పంచుకున్న యాభై ఒక్క ఏళ్ళకు ఈసారి పంచుకోకుండానే గెలిచారు. ఆ జట్టును చూసి ఈ దేశంలో నారుమడి ఎండిపోలేదని ధైర్యం చెప్పుకోవచ్చు. ఇక ఆ మడిలో మన తెలుగునేల మొక్క ఎప్పుడు కనబడుతుందన్నదే ప్రశ్న. దానికి జవాబు ఢిల్లీలో లేదు, మన ఊరి బడి వెనకనున్న ఖాళీ స్థలంలో ఉన్నది. అక్కడ ఇంకా ఎవరూ గోడ కట్టకుండా ఉంటే!